చెలక పువ్వుకు పెరట్లో చోటు
రాష్ట్ర పుష్పంగా గౌరవం దక్కింది కానీ తంగేడుకు ఊళ్లలో నిలవడానికి నేల మిగలడం లేదు. హనుమకొండ శివారులోని ఒక పెరడు తన వంతుగా కొంత జాగా ఇచ్చింది

పెత్రమాస నాడు తెల్లవారుజామున ఐదింటికే ఆ ఇంటి గేటు చప్పుడవుతుంది. హనుమకొండ నుంచి హసన్‌పర్తి వైపు వెళ్లే దారిలో ఒకప్పుడు చెలకలుగా ఉండి, తర్వాత ప్లాట్లుగా మారి, ఇప్పుడు సగం ఇళ్లు, సగం ఖాళీ జాగాలతో ఉన్న కాలనీ అది. సిబ్బులు, ప్లాస్టిక్ సంచులు పట్టుకుని నలుగురైదుగురు ఆడవాళ్లు గేటు బయట నిలబడి ఉంటారు. "టీచరమ్మా, నాలుగు తంగేడు పూలు ఇస్తరా?" అని అడుగుతారు. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. గునుగు దొరికింది, బంతి కొన్నారు. తంగేడు మాత్రం దొరకలేదు. తంగేడు లేకుండా బతుకమ్మ పేర్చడానికి చేతులు రావు.

గేటు తీసేది అరవై దాటిన రిటైర్డ్ జీవశాస్త్రం టీచర్. వచ్చిన వాళ్లలో ఇద్దరు మూడు నెలల ముందు కాలనీ సంక్షేమ సంఘం సమావేశంలో ఆమె పెరటి మీదే ఫిర్యాదు చేసినవారు. పొదల్లో పాములు చేరతాయని, కాలనీ అడవిలా కనిపిస్తోందని, ఇలాగైతే ప్లాట్ల రేటు పడిపోతుందని ఆ ఫిర్యాదు సారాంశం. ఆమె ఆ ప్రస్తావన తేరు. "లోపలికి రాండ్రి. కానీ కొమ్మలు విరవొద్దు, పూలే తెంపాలె. ప్రతి చెట్టు మీద సగం ఉంచాలె" అని మాత్రం చెబుతారు.

ఈ సగం లెక్క ఆమె సరదాగా పెట్టింది కాదు. తెంపిన ప్రతి పువ్వూ ఒక కాయ కాకుండా పోయినట్టే. కాయ లేకపోతే గింజ లేదు. గింజ లేకపోతే వచ్చే వానకు మొలక లేదు. తంగేడు గడ్డ నుంచో దుంప నుంచో వ్యాపించే మొక్క కాదు, గింజ మీదే దాని వంశం నడుస్తుంది. ఊళ్ల చుట్టూ వందల ఎకరాల బీళ్లు, గుట్టలు ఉన్నప్పుడు ఈ లెక్కతో ఎవరికీ పని పడలేదు. ఇప్పుడు పడింది.

లాన్ ఎండింది, పొద నిలిచింది

ఆ ఇంటి స్థలం మొత్తం 300 గజాలు. సగంలో ఇల్లు, మిగతా సగం పెరడు. దక్షిణం వైపు నీడనిచ్చేది ఏదీ లేదు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా ఎండే. కింద మొరం కలిసిన ఎర్ర చెలక నేల, గజం లోతున రాయి. అందరిలాగే ఈ టీచర్ కూడా ఇల్లు కట్టిన కొత్తలో కడియం నుంచి వచ్చిన క్రోటన్లు, మందారాలు నాటారు, లాన్ పరిపించారు. మూడో ఎండాకాలానికి బోరు ఎండింది. తాగడానికే ట్యాంకర్ తెప్పించుకునే రోజుల్లో గడ్డికి నీళ్లెక్కడివి? మే నెల 45 డిగ్రీల ఎండకు లాన్ పది రోజుల్లో గడ్డివాములా మారింది.

అదే సమయంలో గోడ అవతలి ఖాళీ ప్లాటులో ఎవరూ చుక్క నీరు పోయని తంగేడు పొదలు పచ్చగా నిలబడి ఉన్నాయి. "ముప్పై ఏళ్లు పిల్లలకు ఎడారి మొక్కల అనుకూలనాల పాఠం చెప్పిన. గోడ పక్కనున్న పాఠం చూడలే" అంటారామె. ఆ ఏడాది లాన్ తవ్వించి తీసేశారు. ఇప్పుడు అక్కడ పదకొండు తంగేడు పొదలున్నాయి. వాటి మధ్య గునుగు, వెంపలి, అక్కడక్కడ ఉత్తరేణి. పెరడంతా పలకలు పరిచే కాలంలో ఆమె కావాలనే కొంత మట్టిని ఖాళీగా వదిలేశారు. ఒక మూల ఎండిన వేప దుంగ పడి ఉంటుంది. దానికీ ఒక కారణముంది.

తంగేడు పెంచడంలో కష్టం మొదట్లోనే. దాని గింజ పెంకు గట్టిది. మామూలుగా నేలలో వేస్తే పదింటికి ఒకటో రెండో మొలుస్తాయి, మిగతావి ఏళ్ల తరబడి నేలలోనే ఉండిపోతాయి. కరువు ప్రాంతపు మొక్కకు అది రక్షణ. ఒక ఏడాది వాన మోసం చేసినా నేలలో నిల్వ మిగిలి ఉంటుంది. పెరట్లో త్వరగా మొలిపించాలంటే కాగిన నీళ్లు దించి, కాస్త ఆరాక గింజలు వేసి, ఒక రాత్రి నాననివ్వాలి. పొద్దుటికి ఉబ్బినవి విత్తుకోవచ్చు. ఉబ్బనివాటిని మళ్లీ నానబెట్టాలి. లేదంటే గరుకు కాగితంపై గింజను రుద్దినా పెంకు పలచనవుతుంది.

రెండో జాగ్రత్త వేరు విషయంలో. మొక్క జానెడు ఎత్తు రాకముందే తల్లివేరు లోతుకు దిగుతుంది. పెద్దదయ్యాక పెకిలించి నాటితే బతకదు. అందుకే తొలకరికి నేరుగా గుంతలోనే విత్తడం మేలు. సంచిలో పెంచితే చిన్నగా ఉన్నప్పుడే మార్చాలి. మొక్కకూ మొక్కకూ ఐదడుగుల దూరం చాలు. మొదటి ఎండాకాలం మాత్రం వారానికోసారి చెంబెడు నీళ్లు పోయాలి. ఆ తర్వాత అక్కర్లేదు. ఎరువు అసలే వద్దు. నీళ్లు నిలిచే చోట, చెట్టు నీడలో నాటితే ఎంత సేవ చేసినా పూయదు. సాధారణంగా రెండో ఏడాదికి పూత మొదలవుతుంది. కాయలు రాలాక కత్తిరిస్తే గుబురుగా చిగురిస్తుంది.

గుర్తుపట్టడంలోనే చాలామంది పొరబడతారు. కసింద, తగిరిస, రోడ్ల పక్క నీడ కోసం పెంచే సీమ తంగేడు, అన్నిటికీ పసుపు పూలే. అసలు తంగేడును ఆకు మొదట చూసి పోల్చుకోవచ్చు. కాడ కొమ్మకు అతికే చోట చెవి తమ్మెల్లాంటి రెండు చిన్న రెక్కలుంటాయి. 1753లో లిన్నేయస్ ఈ మొక్కకు పెట్టిన శాస్త్రీయ నామంలోని 'ఆరిక్యులేటా' అనే మాటకు చెవులున్నది అనే అర్థం.

తేనె లేని విందు

పొద్దు కాస్త ఎక్కాక పెరట్లో నిలబడితే మొదట చెవికి వినిపించేది ఝంకారం. నల్లగా, బొటనవేలంత ఉండే తుమ్మెద పువ్వును పట్టుకుని వేలాడుతూ ఒక్కసారిగా గట్టిగా మోగుతుంది. ఎగిరేటప్పటి చప్పుడు వేరు, ఈ చప్పుడు వేరు. తంగేడు పువ్వులో తేనె ఉండదు. తుమ్మెదకు దొరికేది పుప్పొడే. ఆ పుప్పొడి కూడా కేసరాల కొనల్లోని సన్నని రంధ్రాల గుండానే బయటికి రావాలి. తుమ్మెద పువ్వును కరచుకుని రెక్కల కండరాలను వేగంగా అదిలిస్తే, ఉప్పుడబ్బా కుదిపినట్టుగా పుప్పొడి రాలుతుంది. మామూలు తేనెటీగకు ఈ విద్య రాదు. రాలగా మిగిలిన పొడిని ఏరుకుని పోవడమే దాని పని.

పువ్వులో ఉన్న పది కేసరాలూ ఒక్క తీరుగా ఉండవు. కొన్ని వట్టివి. పొట్టిగా ఉన్నవి తుమ్మెదకు మేత. కిందికి వంగిన పొడుగు కేసరాలు మాత్రం తుమ్మెద ఒంటి మీద అందని చోట పొడిని చల్లుతాయి. అది తినకుండా మోసుకెళ్లిన ఆ పొడే మరో పువ్వును చేరుతుంది. అంటే తుమ్మెద లేకపోతే తంగేడుకు కాయలు సరిగా పట్టవు. మరి తుమ్మెదకు ఇల్లు కావాలి. అది ఎండు కట్టెలో, వెదురు బొంగులో తొలుచుకుని కాపురముంటుంది. మూలనున్న వేప దుంగ అందుకే. పొట్ట మీద నీలి చారలుండే మరో రకం తేనెటీగకూ ఈ మోగించే విద్య తెలుసు. అది మట్టిలో బొరియ చేసుకుంటుంది. పెరడంతా పలకలు పరిస్తే దానికి చోటుండదు.

వానాకాలంలో ఆకులు అక్కడక్కడ కొరికేసి కనిపిస్తాయి. చూసినవాళ్లు మందు కొట్టమని సలహా ఇస్తారు. టీచర్ కొట్టరు. ఆ కొరికేది మాటిల్డ్ ఎమిగ్రెంట్ అనే లేత రంగు సీతాకోకచిలుక గొంగళిపురుగు. ఈ రకం గుడ్లు పెట్టేదే తంగేడు, దాని దాయాదుల మీద. పువ్వు తేనె కోసమైతే సీతాకోకచిలుక ఎక్కడికైనా పోగలదు. పిల్లలను పెంచడానికి మాత్రం దానికి తన మొక్కే కావాలి. ఏ నర్సరీ పూలమొక్కా ఆ లోటు తీర్చలేదు. ఆకుల ఈనెల మీద ఉండే చిన్న గ్రంథుల్లో తీపి ఊరుతుంది. దానికోసం చీమలు వస్తాయి, కొన్ని పురుగులను అవే తరిమేస్తాయి. మిగిలిన పురుగుల్లో కొన్ని పిచ్చుకల పాలు. గింజలు తినే పిచ్చుక కూడా గూట్లోని పిల్లలకు పెట్టేది పురుగులే. రెండు వారాల్లో పొద మళ్లీ చిగురిస్తుంది.

పండుగలోనూ, లందలోనూ

ఈ పువ్వును తెలంగాణ తనదిగా చెప్పుకుంటుంది కానీ దాని దేశం పెద్దది. గుజరాత్, రాజస్థాన్‌ల నుంచి దక్కను మీదుగా శ్రీలంక దాకా ఎండ నేలలన్నీ దాని ఇళ్లే. కన్నడిగులకు అది తంగడి, మరాఠీలకు తర్వడ్, తమిళులకు ఆవారం. పశ్చిమ తమిళనాడులో భోగినాడు వేపాకు, పిండికూర పూలతో కలిపి ఆవారం పూలను గుమ్మాలకు, పొలాలకు కాపుగా కడతారు. శ్రీలంక పొడి ప్రాంతాల్లో దాని పేరు రణవరా. ఎండబెట్టిన పూలతో అక్కడ టీ కాచుకుంటారు.

పూలకన్నా ఎక్కువ కాలం దానికి గిరాకీ తెచ్చింది బెరడు. తంగేడు చెక్కలో తోలును కుళ్లకుండా కాపాడే టానిన్ పుష్కలం. తెలుగు ఊళ్లలో మాదిగలు లందల్లో తోళ్లు ఊనడానికి వాడింది ఆ చెక్కనే. మోట బొక్కెన, చెప్పులు, డప్పు, అన్నీ ఆ లంద నుంచి వచ్చినవే. అంటే నిన్నమొన్నటి దాకా వ్యవసాయ బావుల నుంచి నీళ్లు తోడిన తోలు వెనక తంగేడు ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇంగ్లండ్‌కు తోళ్లు ఓడలకెక్కిన కాలంలో అక్కడి తోళ్ల పరిశ్రమ కూడా ఈ బెరడు మీదే ఎదిగింది. తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెక్క సారం వచ్చింది, ఆ వెనకే క్రోమ్ వచ్చింది. లందలు మూతబడ్డాయి. నాట్లకు ముందు మడుల్లో తంగేడు రొట్ట తొక్కించే అలవాటును యూరియా బస్తా తీసేసింది. పుల్లతో పళ్లు తోముకోవడాన్ని టూత్‌పేస్ట్ తీసేసింది. పనులన్నీ పోగా మొక్కకు పండుగ ఒక్కటే మిగిలింది.

పెరట్లో పూలు తెంపడంలో సాయం చేయడానికి వచ్చే ఒక అవ్వకు ఈ చరిత్ర పుస్తకంలో చదవాల్సిన పని లేదు. ఆమె అత్తగారింట్లో లంద ఉండేది. చెలకల్లో తంగేడు చెక్క కొట్టి మోపులు కట్టి తెచ్చేది ఆడవాళ్లే. "గౌరమ్మ పక్కన పెట్టేదీ గిదే పువ్వు, మా లందల ఏసిందీ గిదే చెట్టు. అయినా ఊరి బతుకమ్మ కాడికి మమ్ముల రానిచ్చేటోళ్లు కాదు. మా వాడ బతుకమ్మ మేమే ఆడుకునేది" అంటుందామె, చేతిలో పని ఆపకుండానే. ఇప్పుడు కాలనీ ఆడవాళ్లు సిబ్బిలో మొదటి వరస ఎలా పేర్చాలో ఆమెనే అడుగుతారు. ఆకులు పరిచి, కాడలు లోపలికి పెట్టి, తంగేడును ఎంత వత్తుగా కూర్చితే పైన అంత ఎత్తు నిలుస్తుందో ఆమె చూపిస్తుంది. సాయంత్రం ఆటకు పిలిచారా అంటే, "ఇప్పుడు పిలుస్తున్నరు" అని ముక్తసరిగా జవాబిస్తుంది.

గౌరవం కాగితం మీద

తెలంగాణ రాష్ట్రం 2014 జూన్ 2న ఏర్పడింది. బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. ఆ ఏడాది నవంబరులో తంగేడును రాష్ట్ర పుష్పంగా, జమ్మిని రాష్ట్ర వృక్షంగా ప్రకటించారు. ఉమ్మడి రాష్ట్రానికి కలువ ఉండేది. నీళ్లలో పూసే పువ్వు పోయి మెట్ట చెలకలో పూసే పువ్వు రావడంలో రాజకీయ అర్థం అందరికీ తెలిసిందే. నీళ్ల కోసం సాగిన ఉద్యమం తన గుర్తుగా నీళ్లు అడగని మొక్కను ఎంచుకుంది.

కానీ గుర్తింపు వచ్చినంత వేగంగా నేల రాలేదు. 2015లో మొదలైన హరితహారం రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచడాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. రోడ్ల మధ్య, పార్కుల్లో త్వరగా పచ్చబడే మొక్కల మీద మోజు పెరిగింది. అలా వచ్చిందే కోనోకార్పస్. అదే విదేశీ చెట్టును గుజరాత్ 2023లో నిషేధించింది. హనుమకొండలో రోడ్డు పక్క నర్సరీలో తంగేడు కావాలని అడిగితే పసుపు పూల టెకోమాను చూపిస్తారు. అదీ విదేశీ మొక్కే. "అడవిల దొరికేదాన్ని ఎవరు కొంటరు మేడం?" అని నర్సరీ కుర్రాడి ప్రశ్న. నిజానికి ఇప్పుడు కొంటున్నారు. మొక్కను కాదు, పువ్వును.

బతుకమ్మ తొమ్మిది రోజులూ నగర కూడళ్లలో తంగేడు కట్టలు కట్టలుగా అమ్ముడవుతుంది. ఊళ్ల నుంచి ఆటోల్లో వచ్చే ఆ కట్టల్లో పూలే కాదు, మూరెడు కొమ్మలుంటాయి. ఒక్కొక్క పువ్వు తెంపితే కూలి గిట్టదు కనుక కొడవలితో కోసేస్తారు. అమ్మే వాళ్లను తప్పుపట్టడం తేలిక. భూమి లేని కుటుంబానికి ఆ నాలుగు రోజుల సంపాదన పండుగ ఖర్చు. కానీ మిగిలిన కొద్దిపాటి గుట్టల మీద ఏటేటా అదే కోత పడితే గింజ ఎక్కడ పడుతుంది? సర్కారు తుమ్మ, వయ్యారిభామ ఆ జాగా కోసం కాచుకునే ఉన్నాయి. పశువులు సాధారణంగా ముట్టని మొక్క కనుకే తంగేడు ఇన్నాళ్లూ మేత బీళ్లలో నిలిచింది. జేసీబీని తట్టుకోవడం దానికి తెలియదు.

ఆ సంగతి టీచర్‌కు గోడ పక్కనే తెలిసింది. తొలిపాఠం చెప్పిన ఆ ఖాళీ ప్లాటు యజమాని అమెరికాలో ఉంటారు. పాముల భయమని కాలనీ నుంచి ఫోన్ వెళ్లగానే శుభ్రం చేయించమని ఆయన చెప్పారు. రెండేళ్ల కిందట మాఘమాసంలో ఒక ఉదయం జేసీబీ వచ్చింది. రెండు గంటల్లో ముప్పై దాకా పొదలు పోయాయి. ముందురోజు విషయం తెలిసి ఆమె, అవ్వ కలిసి ఎండు కాయలు కోసుకున్నారు. రెండు బకెట్లు నిండాయి. పక్కవారి ఆస్తి, అంతకుమించి చేయగలిగింది లేదు.

తన పెరటి మీద ఫిర్యాదు వచ్చినప్పుడు మాత్రం ఆమె సమావేశానికి వెళ్లారు. వాదించలేదు. పాము ఎలుక కోసం వస్తుందని, ఎలుక చెత్త కోసం వస్తుందని, కాలనీ చివర పేరుకున్న చెత్తకుప్ప సంగతి ముందు చూడమని అన్నారు. పొదలను గోడకు మూడడుగుల దూరంలో ఉంచుతానని, నేల కనిపించేలా కింది కొమ్మలు కత్తిరిస్తానని ఒప్పుకున్నారు. అలాగే చేశారు. ఫిర్యాదు ఆగింది. చెత్తకుప్ప కదల్లేదు.

సగం పూలు చెట్టు మీదే

ఏడు గంటలకల్లా సిబ్బులు నిండాయి. ఒకామె పొరపాటున కొమ్మ విరిస్తే అవ్వ కసిరింది. ప్రతి పొద మీదా పైసగం పసుపు అలాగే ఉంది. తుమ్మెదలు అప్పుడే మొదలయ్యాయి. సాయంత్రం వేయిస్తంభాల గుడి ఆవరణ ఇసుక వేస్తే రాలనంతగా నిండుతుంది. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన ఆ గుడి ముందు వేల బతుకమ్మలు వరసలు తీరుతాయి. వాటిలో కాగితం పూలు, రంగులద్దిన గునుగు, ప్లాస్టిక్ మెరుపులు కూడా కనిపిస్తాయి. ఈ కాలనీ నుంచి వెళ్లే ఐదారింటిలో మాత్రం మొదటి వరస తంగేడే.

సద్దుల నాటికి చివరి పూలు కూడా అయిపోతాయి. ఆ రాత్రి పద్మాక్షి గుట్ట కింద గుండంలో బతుకమ్మలను సాగనంపి, సత్తుపిండి పంచుకునేటప్పుడు టీచర్ తన సంచిలోంచి చిన్న కాగితం పొట్లాలు కూడా తీస్తారు. ఒక్కో దాంట్లో పది గింజలు. వేడినీళ్లలో నానబెట్టమని పొట్లం మీదే రాసి ఉంటుంది. ఆ గింజలు నిరుటి కాయలవి, చెట్టు మీద వదిలిన సగంలోవి. తీసుకున్నవాళ్లలో ఎందరు నాటారో ఆమె లెక్క పెట్టలేదు. కాలనీలో మరో మూడిళ్ల ముందు తంగేడు కనిపిస్తోంది. వాటిలో ఒక ఇల్లు ఫిర్యాదు చేసిన వారిదే.

గోడ అవతలి ప్లాటు ఇంకా ఖాళీగానే ఉంది. జేసీబీ చదును చేసిన నేలలో మొదటి ఏడాది వయ్యారిభామ తప్ప ఏమీ లేవలేదు. రెండో ఏడాది వానలకు దాని మధ్య చెవుల ఆకుల మొలకలు తల ఎత్తాయి. ఎవరూ విత్తలేదు. పాత పొదల గింజలు మట్టిలోనే ఉండిపోయాయి. ఇప్పుడవి మోకాలెత్తున ఉన్నాయి. వచ్చే పెత్రమాసకు పూయవచ్చు. ఆ లోగా అక్కడ ముగ్గు పోయకపోతే.